థామస్ విల్లిస్

థామస్ విల్లిస్ (1621 జనవరి 27 - 1675 నవంబరు 11) పదిహేడవ శతాబ్దానికి చెందిన ఆంగ్ల వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. మెదడు అడుగుభాగంలో వలయాకారంగా కలిసియున్న ధమనుల అమరికకు ఈయన పేరు మీదుగానే విల్లిస్ వలయం అనే పేరు వచ్చింది. న్యూరాలజీ అనే పదాన్ని సృష్టించినది కూడా ఈయనే. పక్షవాతం గురించి చదివే ప్రతి వైద్య విద్యార్థికీ ఈ పేరు తొలి సంవత్సరంలోనే తారసపడుతుంది. అయితే ఆ పేరు గల మనిషి ఎవరు, ఆ వలయం ఎందుకున్నదో ఆయనకు ఎలా తెలిసింది అనే సంగతులు పాఠ్యపుస్తకాలలో అంతగా కానరావు.

జననం, విద్యాభ్యాసం

విల్లిస్ ఇంగ్లాండులోని విల్ట్‌షైర్ ప్రాంతంలో గ్రేట్ బెడ్విన్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి పేరు కూడా థామస్ విల్లిస్. తల్లి రేచల్ హోవెల్. వారిది వ్యవసాయ కుటుంబం. తరువాత కుటుంబం ఆక్స్‌ఫర్డ్ పట్టణానికి చేరువలోనున్న నార్త్ హింక్సీకి తరలివెళ్ళింది. బాలుడైన విల్లిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ సిల్వెస్టర్ నడిపిన బడిలో చదువుకున్నాడు. 1631లో తల్లి మరణించింది.

1637లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చేరాడు. ఆ రోజులలో కలిమి లేని విద్యార్థులు పెద్దల ఇండ్లలో సేవ చేస్తూ చదువుకునే పద్ధతి ఉండేది. విల్లిస్ ఆ విధంగానే థామస్ ఐల్స్ అనే మతాధికారి ఇంట పనికి కుదిరాడు. ఐల్స్ భార్యకు నాటువైద్యంలో ప్రవేశం ఉండేది. మందులు నూరడంలో, కాచడంలో ఆమెకు సహాయం చేస్తూ విల్లిస్ వైద్యం వైపు మొగ్గాడని జీవిత చరిత్రకారులు వ్రాశారు. 1639లో బి.ఏ., 1642లో ఎం.ఏ. పట్టాలు పొందాడు.

అంతర్యుద్ధ కాలం

1642లో రాజుకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధం మొదలయింది. మొదటి ఛార్లెస్ రాజు ఆక్స్‌ఫర్డ్‌ను తన రాజధానిగా చేసుకున్నాడు. కళాశాలలు ఆయుధాగారాలుగా, ధాన్యపు కొట్లుగా మారాయి. విల్లిస్ రాజు పక్షాన విద్యార్థుల దళంలో చేరాడు. సైనిక శిబిరాల నుండి ప్రబలిన విషజ్వరం 1643లో ఆయన తండ్రినీ, సవతి తల్లినీ బలి తీసుకున్నది. ఇది టైఫస్ జ్వరమని నేటి వైద్యుల అభిప్రాయం. కుటుంబ భారం ఇరువది రెండేండ్ల విల్లిస్ మీద పడింది. ఆ జ్వరం వ్యాపించిన తీరును, దాని లక్షణాలను ఆయన మరచిపోలేదు. 1659లో వెలువడిన తన మొదటి గ్రంథంలో వాటిని వివరంగా నమోదు చేశాడు.

యుద్ధం వలన విశ్వవిద్యాలయంలో వైద్య పాఠ్యక్రమం చెదిరిపోయింది. మామూలు రోజులలోనైతే గాలెన్, హిప్పోక్రటిస్ గ్రంథాలను ఏండ్ల తరబడి వల్లె వేసిన పిమ్మట గాని వైద్య పట్టా లభించేది కాదు. విల్లిస్‌కు 1646 డిసెంబరులోనే బాచిలర్ ఆఫ్ మెడిసిన్ పట్టా దక్కింది. ఇందులో రాజభక్తికి బహుమానం కూడా కొంత ఉన్నది. పాత గ్రంథాల బరువు తలకెక్కకపోవడం తరువాతి రోజులలో ఆయనకు మేలే చేసిందని చెప్పవచ్చు.

పార్లమెంటు పక్షం గెలిచిన తరువాత రాజపక్షీయులకు గడ్డుకాలం వచ్చింది. విల్లిస్ సంతల వెంట తిరిగి రోగులను వెదుకుకునేవాడు. అబింగ్డన్ వంటి పొరుగూళ్ళ సంతలకు వెళ్ళడానికి మరొక వైద్యుడితో కలిసి ఒకే గుర్రాన్ని వంతులవారీగా వాడుకున్నాడట. ఆంగ్లికన్ ప్రార్థనలు నిషిద్ధమైన ఆ కాలంలో మెర్టన్ కళాశాలకు ఎదురుగా ఉన్న తన ఇల్లు బీమ్ హాల్‌లోనే రహస్యంగా ప్రార్థనలు జరిపించాడు. ఈ సంగతి ముందు ముందు ఆయనకు బాగా కలిసివచ్చింది.

ఆన్ గ్రీన్ ఉదంతం

1650 డిసెంబరు 14న ఆక్స్‌ఫర్డ్‌లో ఆన్ గ్రీన్ అనే పనిమనిషిని ఉరితీశారు. పుట్టిన బిడ్డను చంపినదని ఆమెపై అభియోగం. బిడ్డ నెలలు నిండక మృతశిశువుగానే పుట్టిందని ఆమె మొరపెట్టుకున్నా న్యాయస్థానం వినలేదు. ఉరితీయబడిన వారి శవాలను శరీర నిర్మాణ అధ్యయనానికి అప్పగించడం ఆనాటి ఆచారం. ఆ ప్రకారం ఆమె శరీరాన్ని విలియం పెట్టీ బసకు తెచ్చారు. పెట్టె తెరిచినప్పుడు గొంతులో గురక వినిపించింది. పెట్టీ, విల్లిస్, మరి కొందరు వైద్యులు ఛేదన మానివేసి ఆమెకు చికిత్స చేశారు. వెచ్చని పానీయం పట్టారు, కాళ్ళు చేతులు మర్దన చేశారు, వెచ్చని పడకలో పరుండబెట్టారు. కొన్ని గంటల తరువాత ఆమె మాట్లాడగలిగింది. ఆమెకు క్షమాభిక్ష లభించింది. తరువాత ఆమె పెళ్ళి చేసుకుని పిల్లలను కన్నది. ఈ సంఘటన పెట్టీకి, విల్లిస్‌కు ఎంతో పేరు తెచ్చింది. మెదడుకు రక్తం అందకుండా ఎంతసేపు నిలువగలదు అన్న ప్రశ్నకు ఈ ఉదంతంతో ఉన్న సంబంధాన్ని చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు.

ఆక్స్‌ఫర్డ్ మిత్రబృందం

1650 దశకంలో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రయోగాలపై మక్కువ గల పండితులు కొందరు తరచు కలుసుకునేవారు. జాన్ విల్కిన్స్, రాబర్ట్ బాయిల్, విలియం పెట్టీ, రాల్ఫ్ బాథర్స్ట్, క్రిస్టఫర్ రెన్ మొదలైనవారు వారిలో ఉన్నారు. 1660లో లండనులో రాయల్ సొసైటీ ఏర్పడినప్పుడు దాని మూలాలలో ఈ బృందం ఒకటి. సూక్ష్మదర్శినితో జీవకణాన్ని చూసి ప్రసిద్ధుడైన రాబర్ట్ హుక్ మొదట విల్లిస్‌కే రసాయన ప్రయోగాలలో సహాయకుడు. తరువాతనే బాయిల్ వద్దకు వెళ్ళాడు.

ఈ బృందం నుండి విల్లిస్‌కు రెండు ముఖ్యమైన ఉపాయాలు అందాయి. మొదటిది, మెత్తగా త్వరగా చెడిపోయే అవయవాలను సారాయిలో ఊరవేసి గట్టిపరచడం. ఇది బాయిల్ అనుసరించిన పద్ధతి. రెండవది, రక్తనాళాలలోనికి ద్రవాలను ఎక్కించడం. రెన్ 1656లో కుక్క సిరలోనికి మద్యాన్ని ఎక్కించి చూపాడు. ఈ రెండూ లేకపోతే మెదడు ధమనులపై విల్లిస్ చేసిన పని సాధ్యమయ్యేది కాదు.

1660లో రాజరికం తిరిగి వచ్చింది. రహస్య ప్రార్థనల కాలం నాటి స్నేహం గల గిల్బర్ట్ షెల్డన్ పలుకుబడితో విల్లిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రకృతి తత్త్వశాస్త్రానికి సెడ్లియన్ ఆచార్యుడుగా నియమింపబడ్డాడు. అదే సంవత్సరం ఎం.డి. పట్టా పొందాడు. ఆయన ఉపన్యాసాలు విన్నవారిలో తరువాత తత్త్వవేత్తగా పేరొందిన జాన్ లాక్ ఒకడు. లాక్ వ్రాసుకున్న నోట్సు నేటికీ లభ్యమవుతున్నది.

సెరెబ్రి అనాటమీ

మెదడు నిర్మాణంపై విల్లిస్ లాటిన్ భాషలో వ్రాసిన సెరెబ్రి అనాటమీ 1664లో లండనులో ప్రచురితమయింది. శవచ్ఛేదనలో అతని కుడిభుజం రిచర్డ్ లోవర్ అనే యువ వైద్యుడు. చిత్రాలలో అనేకం క్రిస్టఫర్ రెన్ గీసినవి. రెన్ ఆనాటికి ఖగోళశాస్త్ర ఆచార్యుడు. లండనులోని సెయింట్ పాల్ ప్రార్థనామందిరాన్ని నిర్మించిన వాస్తుశిల్పిగా మనకు తెలిసిన రెన్ ఇతడే. వీరి సహాయాన్ని విల్లిస్ పీఠికలో కృతజ్ఞతతో పేర్కొన్నాడు. అసలు పని అంతా లోవర్‌దేనని సమకాలికుడైన ఆంథొనీ వుడ్ వ్రాసినాడు గాని, దానిని చరిత్రకారులు పూర్తిగా అంగీకరించరు. లోవర్ చేతి నైపుణ్యం, విల్లిస్ ఆలోచన కలిసిన ఫలితమిది అనడం సమంజసం. లోవర్ కూడా సామాన్యుడు కాడు. ఒక కుక్క రక్తాన్ని మరొక కుక్కకు ఎక్కించిన ప్రయోగంతో రక్తమార్పిడి చరిత్రలో స్థానం సంపాదించాడు.

అంతకు మునుపు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు తలను నిటారుగా ఉంచి, పుర్రె పైకప్పు తొలగించి, మెదడును పైనుండి పొరలు పొరలుగా కోసేవారు. అడుగుభాగానికి చేరేసరికి అక్కడి నాడులు, ధమనులు చెదిరిపోయేవి. విల్లిస్, లోవర్ మెదడును మొత్తంగా బయటికి తీసి, బోర్లించి, అడుగు నుండి పరిశీలించారు. ఇటలీకి చెందిన వరోలియో 1573లోనే ఇటువంటి పద్ధతిని అనుసరించాడు, కాని దానిని ఇంత శ్రద్ధగా వాడుకున్నవారు వీరే. గాలెన్ కాలం నుండి ఏడు జతలుగా చెప్పబడుతున్న కపాల నాడులను విల్లిస్ తొమ్మిది జతలుగా వర్గీకరించాడు. నేడు విద్యార్థులు నేర్చుకునే పన్నెండు జతల పట్టిక 1778లో జర్మనీకి చెందిన జోమరింగ్ రూపొందించినది.

మెదడులోని ఖాళీ గదులలో ఆత్మ శక్తులు నివసిస్తాయనేది ఆనాటి నమ్మకం. విల్లిస్ దానిని త్రోసిపుచ్చి, మెదడు పదార్థానికే ఆ పనులను ఆపాదించాడు. జ్ఞాపకశక్తి మస్తిష్కపు ముడుతలలో ఉంటుందని, సంకల్పంతో నిమిత్తం లేని కదలికలను చిన్నమెదడు నడుపుతుందని భావించాడు. ఇందులో ఊహ పాలు ఎక్కువే. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టెనో 1665లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో రెన్ చిత్రాలను మెచ్చుకున్నాడు గాని, మెదడులోని ఏ భాగం ఏ పని చేస్తుందనే విల్లిస్ నిర్ణయాలకు ఆధారాలు లేవని విమర్శించాడు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా, మనసు పనులను మెదడులోని నిర్ణీత భాగాలలో వెదకాలనే ఆలోచన నిలిచింది.

ధమనీ వలయం

మెదడు అడుగున ధమనులు కలిసియుండటాన్ని మొదట చూసినవాడు విల్లిస్ కాదు. ఇటలీకి చెందిన ఫలోపియో 1561లో దానిని వర్ణించాడు. కసేరియో గీయించిన చిత్రాలు 1627లో, ఆయన మరణానంతరం వెలువడ్డాయి. జర్మనీకి చెందిన వెస్లింగ్ 1647లో మరొక చిత్రం ప్రచురించాడు. స్విట్జర్లాండులోని షఫ్‌హౌసెన్ పట్టణ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లో ఈ ధమనులను వర్ణించడమే గాక, హఠాత్తుగా పడిపోయి మరణించినవారి శవాలను పరీక్షించి, మెదడులో రక్తస్రావం జరిగినట్లు కనుగొన్నాడు. పక్షవాత చరిత్రలో విల్లిస్‌తో సమానంగా తలచుకోవలసిన పేరు వెప్ఫర్‌ది. విల్లిస్ వలయం అనే పేరును ప్రచారంలోనికి తెచ్చినది పద్దెనిమిదవ శతాబ్దికి చెందిన ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్.

అట్లయితే విల్లిస్ ప్రత్యేకత ఏమిటి? మునుపటివారు వలయాన్ని చూశారు. ఆ వలయం ఎందుకున్నదో చెప్పినవాడు విల్లిస్. రక్తం దేహమంతటా ప్రసరిస్తుందని విలియం హార్వే 1628లో నిరూపించాడు. అంతర్యుద్ధ కాలంలో హార్వే కూడా రాజు వెంట ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉండి, 1645లో మెర్టన్ కళాశాలకు అధిపతిగా పనిచేశాడు. రక్తం ప్రవహిస్తుందని తెలిసిన తరువాతనే, ఒక దారి మూసుకుంటే అది ఏ దారిన పోతుంది అనే ప్రశ్నకు అర్థం వచ్చింది.

ఈ ప్రశ్నకు సమాధానం ఒక శవపరీక్షలో దొరికింది. పొట్టలో పెద్ద కంతి వలన మరణించిన ఒక మనిషిని విల్లిస్ బృందం పరీక్షించింది. అతని పుర్రె లోపల కుడివైపు కరోటిడ్ ధమని ఎముకవలె, రాయివలె గట్టిపడి, రంధ్రం దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉన్నది. మెదడుకు రక్తాన్ని తెచ్చే నాలుగు దారులలో ఒక పెద్ద దారి మూసుకుపోయినా ఆ మనిషికి పక్షవాతం రాలేదు. విల్లిస్ ఆశ్చర్యపడి మిగిలిన ధమనులను చూడగా, అదే వైపున వెన్నెముక గుండా మెదడుకు వెళ్ళే వెర్టిబ్రల్ ధమని రెండవ వైపు దానికన్నా మూడు రెట్లు లావుగా ఉన్నది. కుడి కరోటిడ్ మోయవలసిన రక్తాన్ని అది మోస్తున్నదన్నమాట. ఆ రోగి మొదట్లో తలకు ఎడమవైపున తీవ్రమైన నొప్పితో బాధపడ్డాడు. ఒక దారి మూసుకుపోవడంతో రెండవ వైపు ధమనిలోనికి రక్తం అధికంగా పోవడమే ఆ నొప్పికి కారణమని, వెర్టిబ్రల్ ధమని వెడల్పయ్యాక అది తగ్గిందని విల్లిస్ ఊహించాడు.

ఈ ఊహను ప్రయోగంతో సరిచూశారు. ఒకవైపు కరోటిడ్ ధమనిలోనికి రంగు నీటిని ఎక్కించగా అది మెదడు అంతటా వ్యాపించి, రెండవ వైపు ధమని నుండి బయటికి వచ్చింది. కుక్కలలో రెండు కరోటిడ్ ధమనులను దారంతో కట్టివేసినా అవి బ్రతికాయి. దీనిని బట్టి, ఒకటి రెండు దారులు మూసుకుపోయినా మిగిలినవి మెదడును పోషించడానికే ఈ కలయిక ఏర్పడిందని విల్లిస్ నిర్ణయించాడు. నేడు మనం మానవత్వం పేరిట ప్రశ్నించే ప్రయోగాలివి. ఆనాడు అటువంటి ప్రశ్న అరుదుగా వచ్చేది.

వలయం నిర్మాణం

మానవుని మెదడు బరువు శరీరపు బరువులో సుమారు 2 శాతం. కాని విశ్రాంతి సమయంలో గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. ఆహారాన్ని నిలువ చేసుకునే శక్తి మెదడుకు లేదు. ప్రవాహం పూర్తిగా ఆగితే కొన్ని సెకండ్లలోనే స్పృహ పోతుంది, కొన్ని నిమిషాలలో కణాలు చనిపోవడం మొదలవుతుంది.

ఈ రక్తాన్ని నాలుగు ధమనులు తెస్తాయి. మెడకు ముందుభాగంలో ఇరుప్రక్కల నుండి అంతర కరోటిడ్ ధమనులు రెండు పైకి వెళతాయి. వెనుకభాగంలో మెడ వెన్నుపూసల రంధ్రాల గుండా వెర్టిబ్రల్ ధమనులు రెండు ఎక్కి, పుర్రెలో ప్రవేశించి, మెదడు కాండం ముందు ఒకటిగా కలిసి బేసిలార్ ధమని అవుతాయి. ప్రతి అంతర కరోటిడ్ ధమని పూర్వ మస్తిష్క ధమనిగా, మధ్య మస్తిష్క ధమనిగా చీలుతుంది. బేసిలార్ ధమని చివర రెండు పర మస్తిష్క ధమనులుగా విడిపోతుంది. పూర్వ ధమనులు రెండింటినీ ఒక చిన్న సంధాన ధమని కలుపుతుంది. కరోటిడ్ ధమనులను పర ధమనులతో ఇరువైపులా చెరొక సంధాన ధమని కలుపుతుంది. ఈ మూడు వంతెనలతో వలయం పూర్తవుతుంది. ఆకారంలో ఇది గుండ్రన కాదు, ఇంచుమించు బహుభుజి.

మామూలు స్థితిలో ఈ వంతెనల గుండా రక్తం పెద్దగా ప్రవహించదు. ఇరువైపులా పీడనం సమానంగా ఉండటమే కారణం. ఒకవైపు ధమని సన్నబడి పీడనం తగ్గినప్పుడు రెండవ వైపు నుండి రక్తం వంతెన దాటుతుంది. ఒక చెరువు తూము పూడుకుపోతే ప్రక్క కాలువ నుండి పొలానికి నీరు మళ్ళినట్లుగా దీనిని ఊహించుకోవచ్చు. అయితే కాలువ ముందే త్రవ్వి ఉండాలి. పాఠ్యపుస్తకంలో చూపినట్టి సంపూర్ణమైన వలయం సగం మందికన్నా తక్కువ మందిలోనే ఉంటుంది. చాలామందిలో ఏదో ఒక సంధాన ధమని దారంవలె సన్నగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఒకే రకమైన అడ్డంకి ఒకరిని మంచాన పడవేసి మరొకరిని ఏమీ చేయకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. విల్లిస్ చూసిన రోగికి వంతెనలు మంచివి ఉన్నాయి, పైగా ధమని నెమ్మదిగా మూసుకున్నది. వెర్టిబ్రల్ ధమని వెడల్పు కావడానికి వ్యవధి దొరికింది.

పక్షవాతంతో సంబంధం

పక్షవాతం అనే తెలుగు మాట శరీరంలో ఒక పక్షం, అనగా ఒక ప్రక్క, చచ్చుబడటాన్ని సూచిస్తుంది. చచ్చుబడినది చెయ్యి, కాలు అయినా దెబ్బ తగిలేది మెదడుకు. పక్షవాతాలలో సుమారు 85 శాతం ధమని మూసుకుపోవడం వలన, మిగిలినవి రక్తస్రావం వలన వస్తాయి.

ఏ ధమని మూసుకుంటే ఏమి జరుగుతుందో వలయం బొమ్మ ముందు పెట్టుకుంటే సులభంగా తెలుస్తుంది. అన్నిటికన్నా తరచుగా దెబ్బతినేది మధ్య మస్తిష్క ధమని. ఇది మూసుకుంటే ఎదుటి వైపు ముఖం, చెయ్యి పడిపోతాయి. ఎడమ మెదడు అయితే సాధారణంగా మాట కూడా పోతుంది. పూర్వ ధమని మూసుకుంటే ఎదుటి వైపు కాలు ఎక్కువగా బలహీనమవుతుంది. పర ధమని అయితే చూపులో ఒక సగం పోతుంది. చెయ్యి, కాలు బాగానే ఉండటం వలన దీనిని కంటి జబ్బుగా పొరబడటం కద్దు. బేసిలార్ ధమని మూసుకుంటే తల తిరగడం, రెండుగా కనిపించడం, మ్రింగలేకపోవడం మొదలుకొని స్పృహ కోల్పోవడం వరకు జరుగవచ్చు. ప్రాణానికి ఎక్కువ ముప్పు దీనితోనే.

వలయం అన్ని పక్షవాతాలనూ ఆపలేదు. అడ్డంకి వలయానికి దిగువన, అనగా మెడలోని ధమనిలో ఉంటే వంతెనలు పనిచేస్తాయి. వలయాన్ని దాటిన తరువాత మధ్య మస్తిష్క ధమనిలో గడ్డ ఇరుక్కుంటే వలయం చేయగలిగినది లేదు. అప్పుడు మెదడు ఉపరితలం మీద కొమ్మల చివరలను కలిపే సన్నని నాళాలే దిక్కు. మధ్య ధమని నుండి మెదడు లోతులలోనికి చొచ్చుకుపోయే సన్నని కొమ్మలకైతే ఆ ఆసరా కూడా లేదు. రక్తపోటు అధికంగా ఉన్నవారిలో ఎక్కువగా మూసుకునేవి, చిట్లేవి ఈ కొమ్మలే.

వలయం వలన చిక్కులు కూడా ఉన్నాయి. ధమనులు చీలే చోట, కలిసే చోట గోడ బలహీనమై బుడగవలె ఉబ్బుతుంది. పూర్వ సంధాన ధమని ప్రాంతంలో ఇటువంటి బుడగలు ఎక్కువ. ఇవి పగిలితే మెదడు చుట్టూ రక్తం చేరి, ఎన్నడూ ఎరుగనంత తీవ్రమైన తలనొప్పి క్షణాలలో వస్తుంది.

బ్రతికియున్న మనిషిలో ఈ వలయాన్ని చూడటం 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ కనుగొన్న ఎక్స్‌రే పద్ధతితో సాధ్యమయింది. గడ్డను కరిగించే మందు మొదటి మూడు గంటలలో ఇస్తే మేలు చేస్తుందని 1995లో తేలింది. తరువాత ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. గజ్జలోని ధమని నుండి సన్నని గొట్టాన్ని పంపి, కరోటిడ్ మీదుగా వలయం దాకా చేర్చి, గడ్డను లాగివేసే చికిత్స 2015లో వెలువడిన పరిశోధనలతో స్థిరపడింది. 2018 నుండి ఎంపిక చేసిన కొందరు రోగులలో 24 గంటల వరకు కూడా దీనిని చేస్తున్నారు. ఆ కొందరు ఎవరనగా, ప్రక్కదారుల నుండి కొంత రక్తం అందుతూ మెదడు ఇంకా పూర్తిగా చనిపోనివారు. పెద్ద ధమని మూసుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని ఒక అంచనా. కనుక లక్షణాలు కనబడగానే ఆసుపత్రికి చేరడమే ప్రధానం.

విల్లిస్ వద్ద ఇటువంటి చికిత్సలు ఏవీ లేవు. రోగులకు ఆయన కూడా అందరివలెనే రక్తం తీయించాడు. హఠాత్తుగా పడిపోయిన వారికి మనిషి పుర్రె పొడిని చాక్లెట్‌తో కలిపిన పానీయాన్ని సూచించాడు. నిర్మాణాన్ని అంత చక్కగా గ్రహించిన మనిషి చికిత్సలో తన కాలాన్ని దాటలేకపోయాడు.

లండను జీవితం, ఇతర రచనలు

షెల్డన్ అప్పటికి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. ఆయన ఆహ్వానంపై, 1666 నాటి మహా అగ్నిప్రమాదం తరువాత విల్లిస్ లండనుకు మారి, సెయింట్ మార్టిన్స్ లేన్ వీధిలో వైద్యం చేశాడు. అనతికాలంలోనే నగరంలో మిక్కిలి గిరాకీ గల వైద్యుడయ్యాడు. రాజు సోదరుడైన యార్క్ డ్యూక్ బిడ్డను చూడటానికి పిలిచినప్పుడు, జబ్బు పుట్టుకతోనే వచ్చినదని దాపరికం లేకుండా చెప్పినందున మరల ఆ ఇంటికి పిలుపు రాలేదని బిషప్ బర్నెట్ తన చరిత్రలో వ్రాశాడు.

1667లో మూర్ఛ మొదలైన వ్యాధులపై గ్రంథం వెలువరించాడు. స్త్రీలకు వచ్చే హిస్టీరియాకు గర్భాశయమే కారణమని ప్రాచీన కాలం నుండి ఉన్న నమ్మకాన్ని ఖండించి, అది మెదడుకు సంబంధించినదని వాదించాడు. 1672 నాటి డి అనిమా బ్రూటోరమ్ గ్రంథంలో విచిత్రమైన రోగుల కథలు అనేకం ఉన్నాయి. కొంతసేపు మాట్లాడగానే నోట మాట రాక మూగబోయే స్త్రీ ఒకరు. ఆమెకు ఉన్నది మయస్తీనియా అని నేటి వైద్యులు గుర్తిస్తారు. ప్రక్కన డోలు మ్రోగుతున్నప్పుడు మాత్రమే మాటలు వినిపించే చెవిటి స్త్రీ మరొకరు. ఆమె భర్త డోలు వాయించడానికి ఒక సేవకుడిని నియమించుకున్నాడు.

1674లో వెలువడిన మందుల గ్రంథంలో, అతిమూత్ర రోగుల మూత్రం తేనెవలె తీయగా ఉంటుందని వ్రాశాడు. ఐరోపా వైద్యంలో ఇది కొత్త సంగతిగా పేరొందినది. మన దేశంలో సుశ్రుతుడు, చరకుడు ఆ సంగతిని అంతకు చాలా శతాబ్దాల మునుపే గుర్తించారు. మధుమేహం అనే పేరులోనే అది ఉన్నది. తీపికి కారణం చక్కెర అని 1776లో మాథ్యూ డాబ్సన్ నిరూపించాడు. మధుమేహం మెదడు ధమనులను కూడా పూడుస్తుందనే సంగతి విల్లిస్ ఎరుగడు.

వ్యక్తిగత జీవితం, మరణం

విల్లిస్ మధ్యస్థమైన ఎత్తు, ఎర్రజుట్టు గలవాడు, మాటలో నత్తి ఉండేదని సమకాలికుడు జాన్ ఆబ్రే వ్రాశాడు. 1657లో క్రైస్ట్ చర్చ్ అధిపతిగా ఉండిన శామ్యూల్ ఫెల్ కుమార్తె మేరీని వివాహమాడాడు. వారి సంతానంలో చాలామంది పసితనంలోనే మరణించారు. మేరీ 1670లో మరణించింది. 1672లో ఎలిజబెత్ కాలీ అనే వితంతువును పెండ్లాడాడు. ఆదివారాలలో వచ్చిన ఆదాయాన్ని పేదలకు పంచేవాడని ప్రతీతి.

1675 నవంబరు 11న, 54 ఏండ్ల వయసులో, ఊపిరితిత్తుల వ్యాధితో లండనులో మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననం చేశారు. శామ్యూల్ పోర్డేజ్ చేసిన ఆంగ్ల అనువాదం 1681లో వెలువడి న్యూరాలజీ అనే మాటను ఆంగ్లంలోనికి తెచ్చింది.

పురాతత్వ పరిశోధకుడైన బ్రౌన్ విల్లిస్ ఈయన మనుమడు. తాతగారి జ్ఞాపకార్థం ఇతడు 1720 దశకంలో ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్ గ్రామంలో ఒక చర్చిని కట్టించాడు. తాత నివసించిన వీధి పేరు, మరణించిన రోజు రెండూ సెయింట్ మార్టిన్‌కు చెందినవి కావడంతో చర్చికి ఆ పేరే పెట్టాడు. ప్రతి ఏటా నవంబరు 11న అక్కడ ఫెన్నీ పాపర్స్ అనే ఆరు చిన్న ఫిరంగులను పేల్చే ఆచారం నేటికీ కొనసాగుతున్నది.